బస్సులో చెప్పిన క్లైమాక్స్

సినిమాకు పోయి చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళను చూసింటారు. ఫోన్ పోగొట్టుకున్నవాళ్ళనూ చూసింటారు. నేను పోయిన ఆదివారం హిందూపురంలో సినిమా చూసి, తిరిగొచ్చే దారిలో ఒక పిల్ల చదువునే పోగొట్టబోయినాను! అదీ టీచరుగా ఉండి! నవ్వుదురు గానీ, ముందు టీ అందుకోండి, చెప్తాను.

నేను పనిచేసే ఊరు మీకు తెలుసు కదా, పెనుకొండ దాటి ధర్మవరం రోడ్డులో కొంచెం లోపలికి పోవాలి. మా బడి అయిదో తరగతి వరకే. ఆరో తరగతికి పెనుకొండ పోవాల్సిందే, ఆడపిల్లలకు అక్కడ హాస్టల్ ఉంది. ఈసారి అయిదు ముగించిన పిల్లల్లో నాగవేణి అని ఒకమ్మాయి ఉంది. లెక్క బోర్డు మీద వేసేలోపల జవాబు చెప్పేస్తుంది. వాళ్ళ నాయన హనుమంతప్ప గొర్రెలు మేపుతాడు. సెలవులు మొదలైనప్పటి నుంచి ఆయన్ను యాడ చూసినా అడుగుతూనే ఉన్నాను, "ఏమప్పా, పాపను హాస్టల్లో చేర్పిస్తాండావు గదా?" అని.

"చూద్దాం లే సార్" అంటాడు, కట్టెతో నేల గీకుతూ.

ఆ 'చూద్దాం' వినీ వినీ నాకు ఒకటే అర్థమైంది. వచ్చే నెల నుంచి ఈ పిల్ల గొర్రెల వెనకాలే!

నాకొక జబ్బుంది. ఎవరికేం చెప్పాలన్నా నేరుగా చెప్పలేను, కథగా చెప్తాను. అటెండెన్స్ తగ్గితే ఒక కథ, గోళ్ళు కత్తిరించుకోకపోతే ఒక కథ. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పాలన్నా ఎక్కడో ఒక రాజు దగ్గర మొదలుపెడతాను. మా ఆవిడ సుజాత, "ముందు నీతి చెప్పేయండి, కథ అన్నం తిన్నాక వింటాను" అంటుంది.

ఈ ఏడాది ఆఖరి పీరియడ్లో పిల్లలకు ఒక నవల కొంచెం కొంచెంగా చదివి వినిపించినాను. చెరువు నుంచి చెరువుకు బాతుల మందను తోలుకుంటూ తిరిగే ఒక కుటుంబం. వాళ్ళ పాప చిట్టి. ఆ పాప వెనకాలే కుంటుకుంటూ తిరిగే ఒక బాతు. ఆఖర్లో నాయన చిట్టిని హాస్టల్లో వదిలి మందను తోలుకొని పోతాడు. చిట్టి వెనక్కి తిరిగి చూడకుండా క్లాసులోకి నడిచిపోతుంది. ఆ చోటు నేను రెండుసార్లు చదివినాను. పిల్లలు గమ్ముగా అయిపోయినారు. నా చదవడం అంత బాగుందనుకున్నాను!

ఇంతలో ఆ నవలనే సినిమాగా తీసినారని తెలిసింది. ధర్మవరంలో మా తోడల్లుడు మొదటి రోజే చూసి ఫోన్ చేసినాడు.

"అన్నా, సినిమా సూపర్! ఇంటిల్లిపాదీ చూడొచ్చు. క్లైమాక్స్‌లో అయితే..."

"ఆగబ్బా, ఆగు! నాకు కథ చెప్పొద్దు. నేను పుస్తకం చదివినోణ్ణి!"

"అది కాదన్నా, ఆఖర్లో..."

"వద్దంటాండా కదా!" అని ఫోన్ పెట్టేసినాను.

ఆ రాత్రే ప్లాన్ వేసినాను. హనుమంతప్పను ఆ సినిమాకు తీసుకుపోవాలి. తనలాంటి తండ్రే తన కూతుర్ని బడిలో వదిలిపోవడం కళ్ళారా చూస్తే ఏ గుండె కరగదు? నేను నోరు తెరవనక్కర్లేదు, కథే పని చేస్తుంది.

హనుమంతప్ప మొదట, "గొర్రెలెవురు చూస్తారు సార్?" అన్నాడు. తమ్ముడికి అప్పగించేలా నేనే ఒప్పించినాను. నాగవేణి తయారైంది. వాళ్ళవ్వ వక్కాకు సంచి సర్దుకొని, పిలవకుండానే అందరికంటే ముందు రోడ్డు మీద నిలబడింది. మా సుజాతతో కలిపి అయిదుగురం. హిందూపురంలో దిగి, ఉగ్గాని, బజ్జీ తిని మ్యాట్నీకి పోయినాం.

సినిమా బాగానే నడిచింది. కుంటి బాతు వచ్చినప్పుడల్లా హాలంతా నవ్వులు. నేను సినిమా కంటే హనుమంతప్ప మొహాన్నే ఎక్కువ చూసినాను. హాస్టల్ సీను వచ్చింది. తండ్రి పాపను వదిలినాడు. గేటు మూసినారు. నేను మా ఆవిడ చెయ్యి గిల్లి, "ఇప్పుడు చూడు" అన్నాను.

ఏం చూడాలి! చిట్టి క్లాసులోకి పోవాల్సింది కదా? పోలేదు! గోడ దూకింది! పాట మొదలైంది. చెరువు గట్టు మీద పరుగెత్తి నాయన మెడకు చుట్టుకుంది. కుంటి బాతు కూడా ఎగిరింది. అందరూ కలిసి మందను తోలుకుంటూ సూర్యుడి కేసి నడిచిపోయినారు. శుభం!

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. పక్కన హనుమంతప్ప లేచి నిలబడి ఈల వేసినాడు. అవును, ఈల! మూడు కొండల అవతల గొర్రెలు కూడా వెనక్కి తిరిగేంత ఈల.

బయట టీ అంగడి దగ్గర జనం ఒకటే వాదన. ఒక కుర్రాడు, "ఫైట్ ల్యాదు, ఏమీ ల్యాదు, బాతు ఒక్కటే యాక్ట్ చేసింది" అన్నాడు. చంకలో బిడ్డ ఉన్న ఒకామె ఇంకా కళ్ళు తుడుచుకుంటూ, "మా పెద్దదాన్ని హాస్టల్లో వేసింటిమి, రేపే పోయి చూసొస్తా" అంది. టక్ చేసుకున్న ఒక పెద్దమనిషి, "పిల్లలకు గోడ దూకేది నేర్పించినారు, దీనికి అవార్డు గూడా ఇస్తారు చూడు" అన్నాడు. ఆ పెద్దమనిషిని కావిలించుకోవాలనిపించింది నాకు.

"పుస్తకాన్ని నాశనం చేసినారు!" అన్నాను.

"నాకు బాగుంది" అంది సుజాత. "చిన్నపిల్ల వెనక్కి తిరిగి చూడకుండా పోతుందా ఎక్కడైనా? మీ పుస్తకంలోనే ఏదో తప్పుంది."

అవ్వ వక్క నములుతూ తీర్పు చెప్పింది: "సినిమా అంతసేపు ఆ పిల్లకు ఒక్కరన్నా తల దువ్విరా?"

ధర్మవరానికి ఫోన్ చేసి తోడల్లుడి మీద పడినాను. "మార్చినారని ముందే చెప్పకూడదా?"

"చెప్పబోతే నువ్వే కదన్నా నోరు నొక్కితివి!"

సరే, బస్సెక్కినాం. ఆడవాళ్ళు ముందు కూర్చున్నారు. నేను, హనుమంతప్ప వెనక సీట్లో. మనిషి మొహం వెలిగిపోతాంది. నేనే చేతులారా తీసుకొచ్చి, టికెట్ కొనిచ్చి మరీ, బిడ్డను బడి మాన్పించమని చెప్పినట్టయింది కదా!

"సార్, నేనొక మాట చెప్పల్ల..." అని మొదలుపెట్టినాడు.

"నువ్వేం చెప్తావో నాకు తెలుసప్పా. ముందు నా మాట విను."

"అది కాదు సార్..."

"విను హనుమంతప్పా!"

ఇంకేముంది, హిందూపురం పొలిమేర దాటకముందే మొదలుపెట్టి పెనుకొండ కోట కనబడేదాకా చెప్పినాను. సినిమావాళ్ళు దుడ్ల కోసం కథ మార్చినారనీ, అసలు కథలో ఆ పిల్ల గోడ దూకదనీ, నాయన కోసం ఏడవదనీ, తిరిగి రాదనీ, వెనక్కి కూడా చూడదనీ! చదువంటే అట్లుండాలనీ! ముందు సీట్లో నాగవేణి తల తిప్పి వింటూనే ఉంది.

హనుమంతప్ప మొహంలో వెలుగు ఆరిపోయింది. గుండెకు తగిలిందిలే అనుకున్నాను.

"ఇది నిజమేనా సార్? అసలు కథ ఇదేనా?"

"అక్షరాలా!"

ఊళ్ళో దిగినాక, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, "అయితే పంపను సార్" అని వెళ్ళిపోయినాడు.

తెల్లారి నేను పళ్ళు తోముకుంటూ ఉంటే అవ్వ వచ్చేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమి సారూ, బస్సులో నా కొడుకుతో ఏం చెప్పినావు?"

"మంచి మాటలే చెప్పినానవ్వా."

"మంచి మాటలా! వాడు పంపనని ఎప్పుడన్న్యాడు? పిల్లే పోనని మొండికేసి కూర్చున్న్యాది. నువ్వు బడిలో ఆ బాతుల కథ చదివినావంట. ఆ పొద్దు నుంచి, హాస్టల్‌కి పోతే మళ్ళీ ఇంటికి రానియ్యరు, నాయనను చూడనియ్యరు అని ఒకటే ఏడుపు. నిన్న సినిమాలో ఆ పిల్ల తిరిగొచ్చేది చూసినాక భయం పోయింది. హాల్లోనే నాయన చెవిలో పోతానని చెప్పింది. వాడు ఈల వేసింది అందుకే! నీకు చెప్పల్లని బస్సులో నోరు తెరిస్తే, నువ్వు తెరవనిస్తేనా?"

బ్రష్ నోట్లోనే ఉండిపోయింది. లోపల నుంచి సుజాత నవ్వు వినబడింది.

ముప్పై మంది పిల్లలు గమ్ముగా అయిపోతే నా చదవడం బాగుందనుకున్నాను. వాళ్ళలో ఒకరు భయపడినారేమో అని ఒక్కసారి కూడా తోచలేదు. ఆ నాయనను అన్నిసార్లు అడిగినాను, పంపుతావా పంపుతావా అని. ఎందుకు ఆలోచిస్తాండావప్పా అని ఒక్కసారన్నా అడిగినానా? కథ చెప్పేవాడికి ఎదుటి మనిషి దగ్గర కూడా ఒక కథ ఉంటుందని గుర్తుండదు. ఇది నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళ సర్వీసు, ఒక బాతు సినిమా కావాల్సొచ్చింది.

మొహం కడుక్కుని వాళ్ళ గొర్రెల దొడ్డి దగ్గరికి పోయినాను. హనుమంతప్ప గొర్రెపిల్లకు పాలు తాపిస్తున్నాడు. నాగవేణి నన్ను చూసి తల్లిగొర్రె వెనక్కి పోయి నిలబడింది.

"హనుమంతప్పా, నిన్న నేను చెప్పింది తప్పు. సినిమానే కరెక్ట్."

"అసలు కథ అది కాదంటివి గదా సార్?"

"ఆ పుస్తకం రాసినాయన తొందరపడి ముగించేసినాడు."

ఆయన గొర్రెపిల్లను వదిలి నా కేసి తిరిగినాడు. "ఆయప్పకు బిడ్డలుండారా సార్?"

తెలియదన్నాను.

అప్పుడు నాగవేణి తల బయట పెట్టింది. "సార్, పుస్తకం అయిపోయినాక చిట్టి ఇంటికి వచ్చిందా?"

ఎన్నిసార్లు చదివినాను ఆ నవల! ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

"వచ్చింది తల్లీ. సెలవు దొరికినప్పుడల్లా వచ్చింది."

"పుస్తకంలో ల్యాదు గదా?"

"హాస్టల్లో చేరిన రోజే పుస్తకం అయిపోయింది కదమ్మా. ఇంటికొచ్చే రోజు దాకా ఆయన రాయలేదు."

పిల్ల నాయన కేసి చూసింది. నాయన పిల్ల కేసి చూసినాడు. ఇద్దరూ కలిసి నా కేసి చూసినారు, ఈసారన్నా నమ్మొచ్చా అన్నట్టు.

"నువ్వే తీసుకొస్తావా సార్, సెలవొచ్చినప్పుడు?" అన్నాడు హనుమంతప్ప.

"నేనే తీసుకొస్తా."

నిన్న పెనుకొండ పోయి చేర్పించినాం. హనుమంతప్ప హాస్టలంతా తిరిగినాడు. బాత్రూముల గడియలు వేసి తీసి చూసినాడు, వంటింట్లో పప్పు గరిటెతో లేపి చూసినాడు. ఆఖరికి కాంపౌండ్ గోడ పక్కన నిలబడి భుజంతో ఎత్తు కొలుచుకొని, వార్డెన్ మేడమ్‌ను అడిగినాడు: "మేడమ్, ఈ గోడ ఇంకా ఎత్తు లేపే ఆలోచన ఏమన్నా ఉండాదా?"

ఆమెకేం అర్థమవుతుంది పాపం! ఆయన అటు పోయినాక నా దగ్గరికొచ్చి, "సార్, మీ ఊరి నుంచి ఆడపిల్లను పంపడం అంత సులభం కాదు. తల్లిదండ్రులను ఎట్లా ఒప్పించాలో మీలాంటి సీనియర్లు మా వాళ్ళకు ఒక మాట చెప్పాలి" అంది ఎంతో గౌరవంగా.

"ఏముంది మేడమ్, మంచి సినిమాకు తీసుకుపోవడమే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, బస్సులో టీచరు నోరు మూసుకుని కూర్చోవాలి!"