ఇనుప సామాన్ల కొట్లో గుర్రాలు

వీధిలో అందరూ ఆమెను బోర్డులక్క అంటారు. కొట్ల పేర్లు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి. పుట్టింది మాత్రం రంగులరాట్నం పక్కన, గుడారంలో. తండ్రి ఊరూరా రాట్నం తిప్పేవాడు. ఒక ఊరి దారులు అలవాటయ్యేలోగా మళ్లీ మూటాముల్లె సర్దుకోవడమే. ఓసారి ఇరుసు విరిగితే అతకడానికి వచ్చిన వెల్డరు, ఏదో వంకతో రోజూ వచ్చి, చివరికి ఆమెను పెళ్లాడి తీసుకుపోయాడు. మొగుడు బంగారంలాంటివాడు. అయినా, ఒకే ఇంట్లో ఇన్నేళ్లుగా నిద్రలేస్తున్నా, కళ్లు తెరవగానే ఇది ఏ ఊరని ఒక్క క్షణం తడుముకుంటుంది.

తండ్రి పోయాక అన్నయ్య రాట్నాన్ని తూకానికి అమ్మేశాడు. ఆమెకు మాట మాత్రమైనా చెప్పలేదు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు పలచబడ్డాయి.

మొన్న వేసవిలో పాత ఇనుప సామాన్ల కొట్టుకు బోర్డు రాయడానికి వెళ్లింది. వెనక డ్రమ్ముల చాటున, ఏదో మూతబడ్డ పార్కు రంగులరాట్నం గుర్రాలు ఒకదానిమీద ఒకటి పడున్నాయి. ఒకదానికి చెవి లేదు. ఒకదాని డొక్క పగిలి లోపల గడ్డి మొలిచింది. తండ్రివి చెక్క గుర్రాలు, ఇవి ఫైబరువి. అయినా కాళ్లు కదల్లేదు. బోర్డు కూలికి బదులు వాటినే అడిగి, ఇరుసుతో సహా బండికెక్కించి తెచ్చుకుంది.

మొగుడు తన వెల్డింగు షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇవి మీ నాన్నవి కావు కదే?"

"కావండీ. చూస్తూ చూస్తూ వదిలి రాలేకపోయాను."

అతను తల గోక్కున్నాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. సరే, ముందు ఆ చెవి సంగతి చూద్దాం పద."

షెడ్డు వెనక ఖాళీ జాగా చదును చేశారు. అతను తుప్పు గీకి, బేరింగులు కిరసనాయిల్లో నానబెట్టి, కొత్త మోటారు బిగించాడు. మిగిలిన పైపులతో రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల చేశాడు. ఆమె పగుళ్లు పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగులు కలుపుకుంది. జీను దగ్గరికొచ్చేసరికి కుంచె ఆగిపోయింది. తండ్రి ఏ రంగు వేసేవాడు? ఎంతకీ గుర్తు రాలేదు. చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మన జీన్ల రంగేంటి?"

"ముదురాకుపచ్చ. పసుపు అంచు. ఇప్పుడెందుకే?"

చెప్పింది. అతను ఫోన్ పెట్టేశాడు.

రాట్నం తిరిగిన మొదటి ఆదివారం, వీధి పిల్లలంతా విరగబడ్డారు. కంచె అవతల అన్నయ్య! లోపలికొచ్చి, పలకరింపైనా లేకుండా వంగి రాట్నం అడుగున చూశాడు.

"ఎడమకి వాలుతోంది. చెక్కముక్క ఉందా?"

సందు చేసి చెక్క దిగ్గొట్టాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "ఎక్కు," అన్నాడు. ఇద్దరూ పక్కపక్క గుర్రాలమీద కూర్చున్నారు.

"నాన్న ఇంతకంటే జోరుగా తిప్పేవాడు," అన్నాడతను.

"అవును," అంది. ఎందుకు అమ్మేశావని అడగబోయి, అన్నయ్య కళ్లు చూసి గుర్రం మెడ పట్టుకుంది.

పొద్దు వాలేలోగా అతను వెళ్లిపోయాడు. మొగుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సంతోషమేనా?"

"సంతోషమేనండీ."

అది అబద్ధం కాదు. కానీ ఆట ముగిశాక రాట్నం విప్పి, పేరు తెలియని ఊరికి బయల్దేరాలని ఉందని అతనికెలా చెప్పడం? పిల్లలు ఇంకో రౌండు, ఇంకో రౌండని గోల పెడుతున్నారు. వెళ్లి స్విచ్చి వేసింది.