మడి అని మెచ్చుకున్నారు, అది ఓసీడీ

మా హారికకు ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించిన రోజు, స్కూలు బస్సు ఇంటి ముందు నిలబడి హారన్ కొడుతోంది. అప్పుడు తను ఎనిమిదో తరగతి. యూనిఫాం వేసుకుని, జడలు వేయించుకుని, బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి, పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది. తొందర పెడదామని వెళ్తే నా పైట కొంగు తన మోచేతికి తగిలింది. వెనక్కి జరిగి, ఏడుపు గొంతుతో "ఎందుకు తగిలినావు మా? మళ్ళా మొదట్నించి కడగాల" అంది. చూస్తే వేళ్ళన్నీ తెల్లగా నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. బస్సు వెళ్ళిపోయింది. పిల్ల ఇంకా కడుగుతూనే ఉంది.

నేను గదమాయించబోతే వంటింట్లోంచి మా అత్తగారు అడ్డం వచ్చింది. "కడుక్కోనీవే. ఈ ఇంట్లో ఒక్కదానికన్నా శుచీ శుభ్రం అబ్బింది, సంతోషించు" అంది.

ఈ మాట ఎందుకన్నదో చెప్పాలి. మాకు ఆత్మకూరులో టోకు కిరాణా కొట్టు ఉంది. ఇంట్లో మా అత్తగారిది గట్టి మడి. ఆమె చీర వేరే దండెం మీద ఆరాలి, ఆ చీర కట్టుకున్నాక ఎవరూ తగలకూడదు, పూజ అయ్యేదాకా కొట్టులోంచి వచ్చిన మనిషి గడప దాటి లోపలికి రాకూడదు. కోడలిగా వచ్చిన నాకు అది ఏనాడూ అబ్బలేదు, ఆ సంగతి ఆమె బంధువులందరికీ చెప్పుకుంది. అలాంటిది మనవరాలు తనంతట తానే చేతులు కడుక్కుంటూ, ఎవరినీ తగలనివ్వకుండా తిరుగుతుంటే ఆమెకు పట్టరాని సంతోషం. వ్రతానికి పేరంటాళ్ళు వస్తే పిల్లను ముందు కూర్చోబెట్టి చూపించేది. "ఈ కాలంలో ఇట్టాంటి పిల్ల యాడుంటాది" అని వాళ్ళు బుగ్గలు పుణకబోతే, "తాకబాకండి, మడిలో ఉండాది" అని మా అత్త గర్వంగా ఆపేది. పిల్ల మొహంలో నవ్వు లేదని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మెచ్చుకున్నకొద్దీ పిల్ల ఇంకా కడిగింది.

చలికాలం వచ్చేసరికి వేళ్ళ సందులు పగిలి నెత్తురు రావడం మొదలైంది. నెల్లూరులో చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చేతులు తిప్పి చూసి, "కాంటాక్ట్ డెర్మటైటిస్. సబ్బు పడలేదు, మార్చండి" అన్నాడు. పిల్ల మరీ ఎక్కువగా కడుగుతోంది సార్ అని నేను చెప్పాను. "మంచి అలవాటే కదమ్మా, ఈ రోజుల్లో పిల్లలు కడగడంలేదనే మా దగ్గరికి వస్తారు" అని నవ్వి, ఆయింట్‌మెంట్ రాసి పంపించాడు. పిల్లను ఒక్క మాట కూడా అడగలేదు. ఆ ఆయింట్‌మెంట్ జిడ్డుగా ఉందని దాన్ని కూడా కడిగేసుకుంది.

తర్వాత అన్నం దగ్గర మొదలైంది. కంచం ముందు కూర్చుంటుంది, చేతుల వైపు చూసుకుంటుంది, లేచి వెళ్ళి కడుక్కుని వస్తుంది, మళ్ళీ లేస్తుంది. అన్నం చల్లారిపోయి అట్ట కట్టేది. చివరికి నేనే చెంచాతో పెట్టడం మొదలుపెట్టాను. అంత పిల్లకు నోట్లో అన్నం పెడుతుంటే తనకూ సిగ్గే, నాకూ ఏడుపే. నాకప్పుడు కావాల్సింది ఒక్కటే, నా బిడ్డ తన చేత్తో తాను తినాలి.

స్కూల్లో చెప్తే హెడ్మాస్టర్, "మా దగ్గర కౌన్సిలింగ్ ఉండాదమ్మా, చేయిస్తాం" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాను. ఆ కౌన్సిలింగ్ ఏమిటంటే, సోషల్ చెప్పే సారు పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి, మిగతా టీచర్ల ముందు అరచేతుల్లో సుద్దపొడి పోసి, పీరియడ్ అయ్యేదాకా అలాగే నిలబడమన్నాడు. "చూడు, ఏమన్నా అయిందా? అంతా నీ మనసులో ఉండాది" అన్నాడట. పక్కన టీ తాగుతున్నవాళ్ళు నవ్వారట. పిల్ల ఇంటికొచ్చి స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మర్నాటి నుంచి స్కూలుకు వెళ్ళలేదు. ఆ సారు దగ్గరికి వెళ్ళి నేను అనాల్సినవి అన్నాను. నాకు నోరెక్కువని బజారులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం తను చేసింది వైద్యమేనని చివరిదాకా వాదించాడు.

ఎండాకాలంలో పిల్లను మా పుట్టింటికి, ఉదయగిరికి తీసుకెళ్ళాను. అక్కడ వేసవిలో నీళ్ళంటే డ్రమ్ముల్లో పట్టి దాచుకునేవే, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ట్యాంకర్‌వాడికే తెలియదు. వెళ్ళిన మర్నాడే హారిక పొద్దున ఒక డ్రమ్ము ఖాళీ చేసేసింది. ఆత్మకూరులో కాలవ నీళ్ళు పుష్కలం కాబట్టి ఎంత వాడినా ఎవరికీ పట్టలేదు. నీళ్ళున్న ఊళ్ళో మడి అనిపించుకున్నది నీళ్ళులేని ఊళ్ళో జబ్బని తేలింది.

మా తమ్ముడు ఉదయగిరిలోనే బట్టల కొట్టు పెట్టుకున్నాడు. డ్రమ్ము ఖాళీ అయిందని వాడు తిట్టలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "కడక్కపోతే ఏమవుతాదిరా తల్లీ?" అని అడిగాడు. అన్నాళ్ళలో ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు.

హారిక వేళ్ళు ముడుచుకుని చేతులు ఒళ్ళో దాచుకుంది. తర్వాత, "అమ్మ చచ్చిపోతాది మామా" అంది. "అబద్ధమని నాకు తెలుసు. అయినా మనసు ఊరుకోదు. సరిగ్గా కడిగినానా లేదా అని మళ్ళా అడగతానే ఉంటాది."

గుమ్మం అవతల నిలబడి విన్నాను. నన్ను బతికించుకోవడానికి నా బిడ్డ చేతులు నెత్తురు కారేలా రుద్దుకుంటుంటే, మేం తాంబూలాలిచ్చి పొగుడుతూ కూర్చున్నాం. మా తమ్ముడు లేచి వచ్చి, "అక్కా, ఇది మడీ కాదు, పాడూ కాదు. మైండ్ డాక్టర్‌కి చూపించాల" అన్నాడు.

చూపించడం అన్నంత తేలిక కాదు. ఆత్మకూరులో అడిగితే నెల్లూరు పొమ్మన్నారు. నెల్లూరులో ఒకచోట "పిల్లల కేసులు చూడం" అన్నారు. ఇంకోచోట రిసెప్షన్లో అమ్మాయి హాలంతా వినపడేలా "పిచ్చి ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది. హారిక నా చేయి పట్టుకోబోయి, తాకలేక, కొంగు చివర పట్టుకుంది. అక్కడి నుంచి అప్పుడే బయటికొచ్చేశాం.

చివరికి దొరికిన సైకియాట్రిస్ట్ మమ్మల్ని బయట కూర్చోమని, ముందు పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచి, "దీన్ని ఓసీడీ అంటారు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. ఇది మొండితనం కాదు, భక్తీ కాదు. పిల్లలకు వస్తుంది, మందుంది, తగ్గుతుంది" అంది. మా ఆయన, "ఎవరికీ తెలియకుండా తగ్గించొచ్చా మేడం?" అని అడిగాడు. ఆమె ఆయన వైపు ఒక క్షణం చూసి, "ఇది జబ్బని మీ అమ్మాయికి తెలిసింది కదండీ, తగ్గడానికి అది చాలు" అంది.

రోజూ ఒక టాబ్లెట్. దాంతోపాటు ఈఆర్పీ అనే థెరపీ. భయపడే వస్తువును ముట్టుకుని, కడుక్కోకుండా, ఆ భయం దానంతటది దిగేదాకా కూర్చోవడం అన్నమాట. సుద్దపొడి సారు చేసింది కూడా ఇలాంటిదేగా అనుకుంటారేమో, కాదు. ఇక్కడ ఏది ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోవాలో పిల్లే ఒప్పుకుని చేస్తుంది, పక్కన నవ్వేవాళ్ళు ఉండరు. పిల్లలకు అది చేయించేవాళ్ళు దగ్గరలో దొరకలేదు. డాక్టరే వేరే ఊళ్ళో ఉన్న ఒక సైకాలజిస్ట్‌ను చెప్పింది, ఫోనులో వీడియో కాల్ సెషన్లు. ఇంట్లో అవ్వ వింటుందని హారిక మా గోదాములో, ఎండుమిర్చి బస్తాల మధ్య కూర్చుని మాట్లాడేది. మధ్యమధ్య తుమ్ములు. మొదట ముట్టుకున్నది తలుపు గొళ్ళెం, తర్వాత బస్తా మూతి, తర్వాత గల్లాపెట్టె. మెల్లగా కుదుటపడుతోంది.

అప్పుడే కలిగిరిలో మా పిన్ని కాలు విరిగింది. చూసుకోవడానికి ఎవరూ లేకపోతే వెళ్ళాను, కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది.

నేను లేనప్పుడు జరిగింది ఇది. పిల్ల స్కూలుకు ఎందుకు పోవడంలేదని అడిగేవాళ్ళకు మా అత్తగారు ముందు నుంచే ఒక జవాబు తయారుచేసి పెట్టుకుంది, "కామెర్లు" అని. ఓసీడీ అంటే పరువు పోతుంది, కామెర్లు మర్యాదైన జబ్బు. దాంతో పరామర్శలు, గ్లూకోజ్ పొడి, బత్తాయిలు. ఆ వార్త కలువాయి దాకా పోయింది. అక్కడినుంచి మా అత్తగారి అన్న, ముసలాయన, బస్సెక్కి కామెర్లకు పసరు మందు పట్టుకుని వచ్చాడు. ఆ మందుకు పత్యం ఉంది. ఉప్పు లేని చప్పిడి కూడు తినాలి, ఇంగ్లీషు మందులు ఒక్కటీ ముట్టకూడదు.

ఆ ముసలాయన మీద నాకు కోపం లేదు. అబద్ధం చెప్పింది ఆయన కాదు. పిల్లకు కామెర్లు లేవని తెలిసిన ఇద్దరు మనుషులు, మా అత్తా మా ఆయనా, అక్కడే నిలబడి ఆ పిల్లచేత పసరు తాగించారు. లేని జబ్బుకు మందు పోసి, ఉన్న జబ్బుకు మందు ఆపేశారు. సైకాలజిస్ట్ ఫోను చేస్తే సిగ్నల్ లేదని చెప్పారు. నాకు చెప్పొద్దని పిల్లకు ఒట్టు వేయించారు.

నేను తిరిగొచ్చేసరికి స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. తలుపు తీయలేదు. ఎంతసేపు పిలిచినా, "ఇంకా అవలేదు మా" అనే మాటే. బయటికొచ్చాక చూస్తే మోచేతుల దాకా పచ్చిపుండు. బుగ్గలు పీక్కుపోయాయి. మా ఆయన్ని అడిగితే తల దించుకుని, "పెద్దాయన అంత దూరం నించి తెచ్చినాడు. వద్దంటే ఏం చెప్పాల?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని చూస్తే అంత అసహ్యం నాకెప్పుడూ వేయలేదు.

డాక్టర్ కూడా కోప్పడింది. "ఈ మందు ఉన్నట్టుండి ఆపకూడదని చెప్పానా లేదా? మళ్ళీ చిన్న డోసు నుంచి మొదలుపెట్టాలి" అంది. అన్నీ మొదటికొచ్చాయి.

పత్యం ఎలా సాగుతోందో చూద్దామని కలువాయి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఇంట్లో ఇంకో ఇద్దరు చుట్టాలున్నారు. నేను వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చి, "హారికకు కామెర్లు లేవు పెద్దయ్యా. ఓసీడీ అని మనసుకొచ్చే జబ్బు. నెల్లూరులో మందులు వాడతా ఉండాము" అన్నాను. మా అత్తగారు పళ్ళు కొరుకుతూ, "రేపు పెళ్ళి కావాల్సిన పిల్లే" అంది. తొమ్మిదో తరగతికి పోవాల్సిన పిల్ల గురించి ఆ మాట. "ముందు అన్నం తినాల్సిన పిల్ల అత్తా" అన్నాను. పెద్దాయన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, "నాతో ఎందుకు అబద్ధం చెప్పినావే? ఆ పిల్ల నోట్లో ఆ చేదంతా పోయించినావే నాచేత" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత సెషన్లు గోదాములో కాదు, ఇంట్లోనే జరిగాయి. ఒకరోజు సైకాలజిస్ట్ ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోమంది. హారిక రోజంతా వాళ్ళ అవ్వను "సరిగ్గా కడిగినానా?" అని అడుగుతుందని, ఆమె "బాగా కడిగినావు బంగారూ" అంటుందని, ఆ జవాబే జబ్బుకు మేత అని చెప్పింది. మా అత్తగారు ఒప్పుకోలేదు. "మంచిమాట అంటే కూడా తప్పేనా" అంది. అప్పుడు హారికే ఆమె వైపు చూసి, "అవ్వా, నన్ను మెచ్చుకోబాక. నువ్వు మెచ్చుకుంటే నేను ఆపలేను" అంది. మా అత్తగారు మారిపోయిందని చెప్పను, ఆమె మడి ఆమెకుంది. కానీ ఆ రోజు నుంచి పిల్ల అడిగితే ఏమీ అనకుండా పక్కకు తిరుగుతుంది. ఆమెకు అదెంత కష్టమో నాకు తెలుసు, ఆ ఒక్క విషయంలో ఆమెను మెచ్చుకుంటాను.

ఇప్పుడు హారిక పదో తరగతి, వేరే స్కూల్లో. తన చేత్తో తాను తింటుంది. గోంగూర పచ్చడి కలుపుకుని వేళ్ళు నాకుతుంటే నేను కావాలనే చూడనట్టు ఉంటాను. మందు ఇంకా ఉంది, పరీక్షలప్పుడు కడగడం కొంచెం పెరుగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. మొన్న ఒక పెళ్ళి భోజనంలో చుట్టాలావిడ, "చిన్నప్పుడు ఎంత మడిగా ఉండేదానివే, ఇప్పుడేందే ఇట్టా అయినావు?" అంది. హారిక అన్నం కలుపుతూనే, "అది జబ్బు పిన్నీ, తగ్గింది" అంది.

నాలాంటి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్లల్లో వయసుకు మించిన బుద్ధి ఏదైనా కనిపిస్తే, శుభ్రం కావచ్చు, భక్తి కావచ్చు, చదువు కావచ్చు, మెచ్చుకునే ముందు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది మానేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ఏమీ కాదు అంటే ఎంతైనా మెచ్చుకోండి. ఎవరో చచ్చిపోతారని చెబితే, ఊళ్ళో ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వకుండా, ఆ పూటే పిల్లను తీసుకుని డాక్టర్ దగ్గరికి బస్సెక్కండి.