కొత్తలకు ముందు వండిన అన్నం

గంగక్కకు తొందర ఎక్కువ. ఆకాశంలో మబ్బు కనపడకముందే ఇల్లు కప్పించేది, కూలికి కేక వేయకముందే సద్ది కట్టుకునేది. దేవుణ్ణి నమ్మడంలోనూ అంతే. చర్ల దగ్గర మిరప తోటల్లో కాయలు ఏరే కూలీలు సాయంత్రాలు ప్రార్థన చేసుకుంటుంటే ఒకసారి వెళ్లి కూర్చుంది. భర్త పోయాక మొదటిసారి ఆ రోజు కంటినిండా నిద్రపోయింది. మిరప కోతలు అయిపోయి అడవి దారిన ఊరికి తిరిగొచ్చేసరికి విశ్వాసి అయిపోయింది.

ఊళ్లో ఎవరూ ఆమెతో కొట్లాడలేదు. భీమయ్య మాత్రం ఆమె గడప తొక్కడం మానేశాడు. ఆయన గంగక్క భర్తకు అన్న, ఊరి పూజారి. ఏదైనా చెప్పాల్సి వస్తే దడి అవతల నిలబడి చెప్పి వెళ్లేవాడు. కోపమా అంటే కోపం కాదు. అలక అందామంటే ఆ వయసుకు నప్పదు. గంగక్కకు మాత్రం అది గుచ్చుకుంటూనే ఉండేది. తనకు దొరికిన నెమ్మది ఊరందరికీ దొరకాలని ఆమె ఆశ. అందరికంటే ముందు బావకు దొరకాలి.

అందుకే చర్ల నుంచి బండి మీద వచ్చే పాస్టరు సతీష్, "అమ్మా, వచ్చే ఆదివారం మీ వాకిట్ల ప్రార్థన కూడిక పెట్టుకుందామా? ఊరోళ్లను పిలుస్తవా?" అని అడిగితే ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇల్లిల్లూ తిరిగింది. చివరికి భీమయ్య ఇంటికి పోయి, "బావా, దేవుని సంగతి చెప్తరు. రా. నచ్చకుంటే లేచిపో. బువ్వ మాత్రం తినిపో" అంది.

భీమయ్య పొగాకు నలుపుతూ, "సూద్దాం తియ్" అన్నాడు. ఆ మాత్రం మాటకే ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇక్కడే తొందర పనిచేసింది. ఇంట్లో కోటా బియ్యం ఉన్నాయి. దేవుని పేరు చెప్పి పిలిచి ఆ బియ్యం పెట్టడం ఆమెకు నామోషీగా తోచింది. పోడులో ముందుగా కోసిన వడ్లు దంచింది. ఊళ్లో కొత్తల పండుగ ఇంకా కాలేదు. ఇంటింటి గింజ కలిపి వండి, పూజారి వేల్పులకు పెట్టి, అందరికీ పంచేదాకా అక్కడ ఎవరూ కొత్త పంట నోట పెట్టరు. ఆ సంగతి గంగక్కకు తెలియక కాదు. ప్రార్థన చేసే వండుతున్నాను కదా, ముందు దేవుడికి పెట్టినట్టే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇక సతీష్‌ది ఖమ్మం అవతల. అతనికి బియ్యమంటే బియ్యమే.

ఆదివారం ఊరు వచ్చింది. భీమయ్య కూడా వచ్చి వాకిలి చివర దడికి ఆనుకుని కూర్చున్నాడు. సతీష్ తెలుగులో చెబుతుంటే ముసలివాళ్ల కోసం గంగక్క దాన్ని కోయ భాషలో చెప్పింది. దేవుణ్ణి వెతుక్కుంటూ మనిషి కొండలెక్కనక్కర్లేదని, ఆయనే మనిషిని వెతుక్కుంటూ గడప దాకా వస్తాడని. భీమయ్య తల వంచి వింటున్నాడు. గంగక్క చూపంతా ఆయన మీదే ఉంది.

అప్పుడే పొయ్యి మీద అన్నం ఉడికింది. కొత్త బియ్యం వాసన దాచితే దాగేది కాదు. ఆడవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకామె పిల్లను చంకనేసుకుని లేచింది. ఇంకొకామెకు ఉన్నట్టుండి మేకలు గుర్తొచ్చాయి. భీమయ్య తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

సతీష్ మధ్యలో ఆగిపోయి, "ఏమైందమ్మా? నేనేమన్న తప్పు మాట్లాడిననా?" అన్నాడు.

"నువ్వు కాదయ్యా. నేనే తప్పు జేసిన."

సంగతి విన్నాక అతను, "మనకు ఆ పట్టింపు లేదు కదమ్మా. తిను" అన్నాడు.

"పట్టింపు కాదయ్యా. ఊరు తినకముందు తింటే నేనొక్కదాన్నే తిన్నట్టు. రమ్మని పిలిచి, వాళ్లు తినలేంది వండిన. గది పిలుపెట్లయితది?"

సతీష్ మంచివాడు. తనూ తినకుండానే బండెక్కాడు. కోళ్లు మాత్రం ఏ పట్టింపూ లేకుండా ఆ అన్నం తిన్నాయి.

పండుగ దాకా గంగక్క కోటా బియ్యమే తిన్నది. ప్రార్థన మానలేదు, ఎవరినీ పిలవలేదు. పిలవడానికి ముఖం చెల్లలేదు. చాలా బాధపడింది. పండుగనాడు గింజ పోగుచేసేవాళ్లు తన వాకిట్లో ఆగుతారేమోనని పొద్దుటి నుంచి చూసింది. వాళ్లు ఆగకుండా పక్కింటికి పోయారు.

మర్నాడు పొద్దున భీమయ్య వచ్చాడు. దడి దగ్గర ఆగలేదు. తువ్వాలులో కట్టిన మూట ఆమె చేతిలో పెట్టాడు. విప్పితే కొత్త బియ్యం.

"ఆ పొద్దు అన్నం కోళ్లకేసినవంట. మాతోటి ఆగినవంట," అన్నాడు. "పండుగైంది. ఇగ వండు."

గంగక్క లోపలికి పోయి ఎసరు పెట్టింది. ఆయన గడప అవతలే నిలబడ్డాడు.

"ఆ పిలగాడు సగంల ఆపిండు. మీ దేవుడు గడప దాక వస్తడన్నడు గదా. వచ్చి ఏం జేస్తడు?"

సతీష్ చెప్పినవన్నీ ఆమెకు గుర్తున్నాయి. అయినా తన మాటే చెప్పింది.

"కూసుంటడు బావా," అంది. "మనం తినేదే తింటడు. తొందర పెట్టడు."

భీమయ్య చెప్పులు విడిచి, గడప దాటి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"నాకూ తొందర లేదు. అన్నం ఉడకనియ్. చెప్పు, వింట."