దానిమ్మకు ముఖం కడిగిన రోజు

తోంగ్‌పాల్‌లో మా ఇల్లు హైవేకి ఆనుకునే ఉంటుంది. లారీల దుమ్మంతా పెరట్లోని దానిమ్మ మీదే పడుతుంది. ఐదేళ్ల క్రితం మా అత్తమ్మ నాటిన చెట్టు అది. నా ఎత్తే ఉంటుంది. ఈ ఎండాకాలం మొదటిసారి విరగబూసింది.

భద్రాచలంలో ఉన్న మా అక్కకు ఫొటో పంపుదామని పొద్దున్నే ఫోన్ తీసుకుని వెళ్లాను. చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తున్న అత్తమ్మ నన్ను చూసి ఆగింది.

"ఏంది పిల్లా, ముఖం కడగకుండనే ఫొటో తీస్తవా?"

నా ముఖం సంగతి అనుకుని కొంగుతో తుడుచుకున్నాను.

"నీది కాదు, చెట్టుది."

చెంబుతో నీళ్లు, ఒక పాత చీర పేలిక తెచ్చింది. ఒక్కొక్క ఆకునూ అరచేతిలో పెట్టుకుని తుడవడం మొదలుపెట్టింది. చల్లితే సరిపోతుంది కదా అన్నాను. పూలు రాలుతాయంది. ఆమె మెల్లగా తుడుస్తుంటే నిలబడి చూడలేక నేనూ ఇంకో పేలిక తెచ్చుకున్నాను. ఇద్దరం అటొకరు ఇటొకరు. దుమ్ము పోయాక ఆకు ఎంత పచ్చగా ఉందో, మధ్యలో ఆ పూలు ఎంత ఎర్రగా ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది. అంత జాగ్రత్త పడ్డా రెండు పూలు రాలనే రాలాయి. ఒకటి నా జడలో పెట్టింది, ఇంకొకటి తన ముడిలో.

తర్వాత తీసిన ఫొటోలో, కొమ్మ వంచి పట్టుకున్న అత్తమ్మ చెయ్యి కూడా పడింది. ముంజేతి నిండా పచ్చబొట్టు, గోళ్లలో మట్టి. చెయ్యి తీస్తే ఇంకోటి తీస్తానన్నాను.

"తీస్తే కొమ్మ పైకి పోతది. ఏమైతది, ఉండనీ."

అదే పంపాను. అక్క వెంటనే ఫోన్ చేసింది.

"ఆ చెయ్యి ఎవరిదే?"

"మా అత్తమ్మది."

"ఒకసారి ఇయ్యి."

నా పెళ్లయ్యాక వాళ్లిద్దరూ క్షేమ సమాచారాలు దాటి మాట్లాడింది లేదు. ఆ రోజు మాత్రం అత్తమ్మ చెట్టు కిందే చతికిలబడి, పేడ ఎప్పుడు వెయ్యాలో, పురుగు పడితే ఏం చెయ్యాలో అరగంట చెప్పింది. వానలు పడగానే ఒక కొమ్మ కోసి, తడి గోనెసంచిలో చుట్టి, భద్రాచలం బస్సు కండక్టరు చేతికిచ్చింది. ఆ కొమ్మ బతకలేదు. రెండోసారి పంపింది చిగురు వేసింది.