మార్కాపురంలో తడి ఆరిన రాళ్ళు

రాళ్ళు చీల్చే పనివాడు ఓబులేసు రాతి దిమ్మె అంచున పలుచటి ఉలి ఆనించి సుత్తితో తట్టాడు. పొరలుగా విడిపోవలసిన పలకరాయి అడ్డంగా పగిలి ముక్కలైంది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. కార్ఖానా యజమాని మస్తాన్ వలీ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "ఇంక చాల్లే మామా" అన్నాడు.

ఓడలు నిలిచిపోతే మార్కాపురం పలకరాయి ఏమవుతుందో చూద్దామని ఆ ఉదయమే గుంటూరులో రైలెక్కాను. లాక్‌డౌన్ ఎత్తేసి కొన్ని నెలలైనా రిజర్వేషన్ లేనిదే స్టేషన్లోకి రానివ్వడం లేదు. టీ దొరకలేదు, ఇంటి పులిహోరే దిక్కయింది. ఎదుటి సీటాయనకు గిద్దలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉందట.

"ఎక్కడో చైనాలో తుమ్మినారు సార్, మా గిద్దలూరులో డిస్‌ప్లేలు అయిపోయినాయి. తిట్లు మాత్రం నాకు!" అని నవ్వాడు.

మార్కాపురం రోడ్ స్టేషన్ ఊరికి దూరం. షేర్ ఆటోలో కార్ఖానాకు చేరేసరికి పదకొండు దాటింది.

లాక్‌డౌన్‌కు ముందు, తోటదారిలో పరచడానికి పచ్చఛాయ బూడిదరంగు రాయి కావాలని ఒక విదేశీ వ్యాపారి వలీని అడిగాడు. సగం సరుకు ఓడెక్కింది. మిగతా సగానికి దిమ్మెలు దొడ్లో దించగానే అన్నీ మూతపడ్డాయి. ఓబులేసు త్రిపురాంతకం దగ్గరి తన ఊరికి వెళ్ళిపోయి ఇప్పుడే తిరిగొచ్చాడు. ఈ రాయిని గని తడి ఆరకముందే చీల్చాలి. ఆలస్యమైతే గోనెపట్టాలు కప్పి నీళ్ళు చల్లుతూ ఉండాలి.

"ఏంది అల్లుడూ, నీళ్ళు ఆపినావా?" అన్నాడు ఓబులేసు.

"ఆపక? వీధికి ట్యాంకరు రావడమే గగనమైపోయె. మనుషులకు బిందెడు లేవు, రాళ్ళకు స్నానాలా అని మా ఇంట్లో మనిషే తిట్టింది."

"తిట్టదా మరి! పెండ్లికొడుకులకు పోసినట్ల పోసింటావు."

"అందుకే నా ట్యాంకరు గూడా వీధికే ఇచ్చేసినా."

ఓబులేసు ముక్కలు ఏరి గోడవారగా వేశాడు.

వేరే గని రాయి పంపకూడదా అని అడిగాను.

"సగం చొక్కా ఒక గుడ్డ, సగం ఇంకో గుడ్డ కుట్టిస్తే తొడుక్కుంటావా సార్?" అన్నాడు ఓబులేసు.

వలీ ఇంట్లో భోజనం చేసి ముగ్గురం ఆ రాయి తీసిన గనికి వెళ్ళాం. పనులు ఆగిన కాలంలో మోటార్లు నడవలేదు, ఆపైన వానలు పడ్డాయి. గని అంచుదాకా నీళ్ళు. ఆ రంగు పొర ఎక్కడో అడుగున ఉందట. ఒక మోటారు నీళ్ళు తోడి పక్క బీడులోకి వదులుతోంది.

"ఈ నీళ్ళు అప్పుడుంటేనా!" అన్నాడు వలీ.

సాయంత్రం రైలు సగం ఖాళీగా ఉంది. సరుకు ఆగడమంటే ఓడరేవులో పెట్టెలు పేరుకుపోవడమే అనుకుంటూ వచ్చినవాణ్ణి. ఇక్కడ సరుకు ఎదురుచూస్తూ పాడైపోయింది.

నేనిది రాసే నాటికి గనిలో నీరు సగానికి దిగింది. ఆ రంగు పొర ఇంకా బయటపడలేదు. తోటదారి సగం మట్టిగానే ఉందని ఆ వ్యాపారి వలీకి కబురు పెట్టాడు. ఎన్నాళ్ళు ఆగగలడో చెప్పలేదు.