వాకిట్లో నల్లనీళ్లు

తారి మోటారుసైకిల్ కడిగే తీరు చూసి తండాలో పోరగాళ్లు నవ్వుకుంటారు. వాళ్లయితే ఇంజన్ ఇంకా కాలుతుండగానే బోరు పైపు పట్టుకుని నాలుగువైపులా నీళ్లు కొట్టి, అదే తడి మీద ఎక్కి తుర్రుమంటారు. తారికి అట్లా కుదరదు. ముందు బండిని వేపచెట్టు నీడలోకి తోస్తుంది. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తుంది. చెయ్యి కాలకుండా ఆగితేనే నీళ్ల జోలికి పోతుంది. ఈలోపు సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తుంది, తాళం పెట్టే సందుకు టేపు అతికిస్తుంది. ఆ తర్వాతే చెంబు పట్టుకుని, పసిపిల్లకు తలంటినట్టు, పైనుంచి కిందికి మెల్లగా పోస్తుంది.

నర్సింహులపేట దగ్గరి ఆ తండాలో ఆమెకు ఈ పని నేర్పింది మొగుడు అమర్‌సింగ్. ఆయన భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్ నడిపేవాడు. వారానికోసారి ఈ బండి మీదే ఇంటికొచ్చేవాడు. వచ్చిన మర్నాడు పొద్దున గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ ఆయన చెప్పడం, ఈమె కడగడం.

"బట్టల సబ్బు రుద్దకు, రంగు పోతది. చక్రాల నడిమిట్ల నీళ్లు కొట్టకు, బ్రేకు పట్టదు."

చెప్పేదంతా చెప్పి తన చెయ్యి మాత్రం తడవనిచ్చేవాడు కాదు, మహారాజు! తారి గొణుక్కుంటూనే కడిగేది. నిజానికి ఆ ఒక్క పొద్దుటిపూట కోసమే వారమంతా ఎదురుచూసేది.

అప్పట్లో ఆ వాకిట్లో నల్లనీళ్లు పారేవి. ఎర్రమట్టి నీళ్లలో అడుగుకు దిగిపోతుంది. చేన్ల రేగడి ముద్దయి అంటుకుంటుంది. బొగ్గుపొడి అట్లా కాదు, పైన పొరలాగా తేలుతుంది, ఎండ పడితే తళుక్కుమంటుంది. ఈ తేడా తారికి ఎవరూ చెప్పలేదు. ఆయన బట్టలు ఉతికీ ఉతికీ తెలిసింది.

ఓ వానాకాలం గని బాటలో మట్టికట్ట జారి టిప్పర్ బోల్తా పడింది. అమర్‌సింగ్‌ను అంబులెన్సులో తెచ్చారు. బండిని తర్వాతెప్పుడో ఎవరో తెచ్చి వాకిట్లో నిలబెట్టిపోయారు. దాని మీద ఆయన ఆఖరి వారం దుమ్ము అట్లాగే ఉంది. తారి చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఓ పొద్దున మనసు రాయి చేసుకుని బిందె తెచ్చి కడిగింది. నల్లనీళ్లు వాకిలి దాటి బాటలోకి పోతుంటే, ఆయన్ను రెండోసారి సాగనంపుతున్నట్టు గుండె బద్దలయ్యేలా ఏడ్చింది. ఏడ్చి, పక్కనే నిలబడ్డ కొడుకు చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"ఈ వాకిట్ల మల్ల నల్లనీళ్లు పారొద్దు. బొగ్గు పనికి పోనని నా మీద ఒట్టెయ్యి."

ఉపేందర్ ఒట్టేశాడు.

ఆ ఒట్టు చాన్నాళ్లు నిలిచింది. ఉపేందర్ పెద్దవాడై లారీ నడపడం నేర్చుకున్నాడు. కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి ధాన్యం, పత్తి లోడ్లు తోలేవాడు. తండ్రిలాగే వారానికోసారి అదే బండి మీద ఇంటికొచ్చేవాడు. ఆదివారం కడగబోతే చక్రాల సందుల్లో పత్తిపోగులు చిక్కుకుని ఉండేవి. వాటిని ఒక్కొక్కటే పీకుతుంటే తారి ప్రాణం నిమ్మళంగా ఉండేది.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకనాడు, చైను తుడిచిన గుడ్డను బకెట్లో ముంచింది. నీళ్ల మీద నల్లటి పొర తేలి తళుక్కుమంది. తారి ఆ గుడ్డను పైకెత్తింది.

"ఏందిరా ఇది?"

"చైను గ్రీజు, యాడీ," అన్నాడు ఉపేందర్, చాయ్ గ్లాసులోంచి తల ఎత్తకుండానే. లంబాడీ ఇళ్లల్లో అమ్మను పిలిచే పిలుపు అది.

తారి వేళ్లు కడుక్కుంది. గ్రీజయితే ఎంత తోమినా జిడ్డు వదలదు. ఇది ఒక్క చెంబుకే పోయింది. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే అబద్ధం ఇంకోసారి వినాలి. నిజం చెప్పేస్తే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు. వాడు వెళ్లిపోయాక ఆ వారమంతా అన్నం సయించలేదు. ఎక్కడ ఇనుము చప్పుడైనా ఉలిక్కిపడింది.

శనివారం పొద్దు వాలుతుండగా, ట్రాక్టర్ నడిపే ధర్మా రొప్పుకుంటూ వచ్చాడు.

"వదినా, ఉపేందర్ మలుపు కాడ పడ్డడు! నా ట్రాక్టర్ కిందికే వచ్చిండు. జర్రంతల తప్పిచ్చిన."

తారి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. కొడుకు బాట పక్కన కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి, మోకాలు దోక్కుపోయి నెత్తురు కారుతోంది. ఎముకలు మాత్రం దక్కాయి. తారి వాడి ఒళ్లంతా తడిమి చూసుకుని, అప్పుడు బండి వైపు తిరిగింది.

"బ్రేకు తొక్కుతనే ఉన్నడు వదినా, బండి ఆగలే," అన్నాడు ధర్మా.

వాన లేదు, మబ్బు లేదు. చెట్ల ఆకుల మీద కూడా దుమ్మే. అంత దుమ్ములోంచి వచ్చిన బండి పెండ్లికొడుకులాగా మెరిసిపోతోంది. చక్రాల నడిమి నుంచి నీళ్లు కారుతున్నాయి, ఇంజన్ మీద తడి ఇంకా ఆవిరి చిమ్ముతోంది. తారికి అంతా అర్థమైంది. మలుపుకు అవతల చేనులో బోరు ఉంది. ఇంటికి బొగ్గు తేకూడదని వాడు అక్కడ కాలే బండి మీద నీళ్లు కొట్టి, తడి ఆరకుండానే ఎక్కి వచ్చాడు.

తనకు భయపడే కడిగాడు. మొగుణ్ణి బొగ్గు తీసుకుపోయింది. కొడుకును తాను వేయించుకున్న ఒట్టే తీసుకుపోయేది. ఆ మాట తోచగానే తారి కొంగు చింపి వాడి మోచేతికి చుట్టింది.

దవాఖానలో కట్టు కట్టించుకుని రాత్రికి ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున చాయ్ ఇస్తూ తారి అడిగింది.

"ఎప్పటిసంది పోతున్నవ్?"

"శివరాత్రి అయినసంది. యార్డుల లోడ్లు ఆగిపోయినయ్ యాడీ. నాకు తోలుడు తప్ప ఇంకేమొచ్చు?"

"నాకెందుకు చెప్పలే?"

ఉపేందర్ గ్లాసు కింద పెట్టాడు. "నెత్తి మీద వేసిన ఒట్టు గద. తప్పిన్నని నీకు తెలిస్తే నీకేమన్నా అయితదేమోనని భయమైంది. బండి మీద జర నలుపు కనిపిస్తే చాలు, నువ్వు గుర్తు పడతవ్."

అంత ఎదిగిన మనిషి, పది టైర్ల బండి తోలేవాడు, పసివాడిలాగా ఆ మాట అన్నాడు. తారికి కోపం రావాల్సింది, రాలేదు. వాడి చెయ్యి అందుకుని మళ్లీ తన నెత్తిన పెట్టుకుంది. ఒక్క క్షణం ఉంచి, తీసేసింది.

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఆ పని నాకు నచ్చదు, సచ్చేదాకా నచ్చదు. పోవద్దని రోజూ దేవునికి మొక్కుకుంట. కానీ దాచకు. దుమ్ముతోనే రా. కడుగుడు నా పని."

ఆ పొద్దున తారి బండిని మళ్లీ కడిగింది. పైపు నీళ్లు అందని చోట, సీటు కింద, మడ్‌గార్డు లోపల బొగ్గు ఇంకా ఉంది. నల్లనీళ్లు వాకిట్లో పారాయి. ఆమె వాటిని చూడకుండా పొడిగుడ్డతో తుడిచింది, చైనుకు నూనె పెట్టింది, టేపు పీకి, సైలెన్సర్ కవరు విప్పి కాసేపు ఇంజన్ నడిపించింది. తర్వాత బండిని వాకిట్లో ముందుకూ వెనక్కూ తోస్తూ బ్రేకు తొక్కుతూ పోయింది. కట్టుకట్టిన కాలు చాపుకుని ఉపేందర్ గడప మీద నుంచి చూస్తున్నాడు. బ్రేకు గట్టిగా పట్టాకే తాళం వాడి చేతికిచ్చింది.

దెబ్బలు మానాక వాడు పనికి వెళ్లాడు. శనివారం సాయంత్రం బండి చప్పుడు వాకిట్లో ఆగింది. తారి బయటికొచ్చింది. కనుబొమ్మల నుంచి చెప్పుల దాకా నల్లగా నిలబడ్డాడు ఉపేందర్, అచ్చం అమర్‌సింగ్‌లాగా. ఏడుపు తన్నుకొచ్చింది. తలుపు పట్టుకుని ఆపుకుంది. దగ్గరికెళ్లి ఇంజన్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేసింది.

"పోయి తానం చెయ్," అంది. "బండి పొద్దున కడుగుత. చల్లగ కానీ."