గుమ్మం బయటి కర్ర

మా చిన్నాయిన మొన్న పొద్దున దవాఖానలో పోయారు. తొర్రూరులో అందరికీ ఆయన మిలిటరాయన. వికలాంగ పింఛను అప్పీలు వచ్చే నెలలో విచారణకు ఉంది. అప్పటిదాకా గుండె ఓపిక పట్టలేదు.

ఫౌజులో ఆయన లారీ డ్రైవరు. కొండదారిలో బండి లోయలోకి జారి తుంటి విరిగింది. నాకు కారు నేర్పుతూ, "దిగుడుల బ్రేకును నమ్మకు బిడ్డా, గేరును నమ్ము" అనేవారు. ఎడమకాలు వాచి బూటులోకి దూరకపోయినా రోజూ రెండు బూట్లకూ పాలిష్ పెట్టేవారు.

ఆ కాలి నొప్పికీ ఫౌజు నౌకరీకీ సంబంధం లేదని పింఛను ఇవ్వలేదు. ఆయన అప్పీలు చేశారు. "పైసలు గాదు. నా కాలు ఫౌజుల పోయిందని ఒక్కసారి ఒప్పుకోమను" అనేవారు.

మళ్లీ పరీక్షకు పట్నం పిలిస్తే నేనే తీసుకెళ్లాను. బస్సు దిగడానికే పళ్లు బిగబట్టిన మనిషి, తీరా డాక్టర్ల గది ముందు కర్రను గోడకు ఆనించి నిటారుగా నిలబడ్డారు.

"కర్ర పట్టుకొని పో చిన్నాయినా!"

"సాబుల ముంగట కర్రతోని నిలవడ్తరా? ఇజ్జత్ ఉండాలె."

లోపల సెల్యూట్ కొట్టారు. ఎట్లున్నావని అడిగితే "ఠీక్ హై సాబ్" అన్నారు. బయట నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కర్ర లేకుండానే నడుస్తున్నాడని రాసి అప్పీలును కొట్టేశారు. ఆయన వరండాలో కాలు పట్టుకుని కూలబడ్డప్పుడు చూడటానికి ఏ సాబూ బయటికి రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పైఅప్పీలు వేశాక ఇంట్లో తాలీము మొదలైంది. చిన్నమ్మ కుర్చీలో డాక్టరులా కూర్చుని "కాలు ఎట్లున్నది?" అని గద్దించేది. ఆయన నవ్వేసేవారు. "నొస్తది అను, నోరు పడిపోతదా?" అని ఆమె తిట్టేది. "ఫౌజుల ఎవ్వలడిగినా గదే జవాబు చెప్పిన. ఇంకోటి రాదే" అనేవారు. నొస్తుందన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు.

మొన్న ఛాతీలో పట్టేస్తోందంటే దవాఖానకు తీసుకెళ్లాం. ఆ స్థితిలోనూ కర్రను వార్డు గుమ్మం బయటే ఆనించి, నా భుజం పట్టుకుని లోపలికి నడిచారు. డాక్టరు ఎట్లుందని అడిగాడు.

"బాగ నొస్తున్నది సాబ్."

చిన్నమ్మ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. "ఇప్పుడు చెప్తివా!"

కాసేపటికే పోయిన ఆయన్ని ఇంటికి తెచ్చాం. కర్ర అక్కడే ఉండిపోయింది. మర్నాడు వెళ్లి చూస్తే, ఆనించిన చోటే ఉంది. తెచ్చి చిన్నమ్మకిచ్చాను.

"ఈపారి విచారణకు నేను పోత. లోపల్దాక తీస్కపోత" అని ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.